అరచేతిలో ఆరోగ్యం – ఎంతవరకు?



మన హాస్టల్లో చదువుకున్న వాళ్లందరికీ ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. రాత్రి స్టడీ అవర్ అయిపోతుంది. ఒకడికి తలనొప్పి. ఒకడికి పరీక్ష భయంతో నిద్ర పట్టదు. ఇంకొకడు ఊరి నుంచి బస్సులో వాంతులు చేసుకుంటూ వచ్చి ట్రంకు పెట్టె మీద తల ఆనించి కూర్చుంటాడు. మాత్ర కావాలంటే ఆఫీసు గది తాళం తీయించాలి. అప్పుడు ఎవడో ఒకడు "చెయ్యి ఇటియ్యిరా" అంటాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కుతాడు. పది నిమిషాల్లో "కొంచెం నయమే" అని అవతలివాడు పడుకుంటాడు.

ఈ చేతి విద్యనే ఆక్యుప్రెషర్ అనీ, హస్త రిఫ్లెక్సాలజీ అనీ అంటారు. దీనిలో ఎంత నిజం ఉంది, ఎక్కడ ఆగాలి అనేది మేము ఒకసారి చాలా కష్టంగా నేర్చుకున్నాం. ఆ కష్టం మీకు రాకూడదనే ఈ వ్యాసం.

ఆ రాత్రి

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద అరచేతి పటం ఒకటి కొన్నాం. వేలి కొసల్లో తల, అరచేతి మధ్యలో పొట్ట, కింద పేగులు అని రంగురంగుల బొమ్మలు. అన్నం మెతుకులతో గోడకు అంటించాం. వారం తిరిగేసరికి మా గది ఒక చిన్న ఆస్పత్రి అయింది. మమ్మల్ని అందరూ "డాక్టర్లు" అని పిలుస్తుంటే మాకు గర్వంగా ఉండేది.

ఒక రాత్రి ఏడో తరగతి తమ్ముడు కడుపు పట్టుకుని వచ్చాడు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందన్నాడు. అన్నం తినలేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వార్డెన్ సారును లేపితే కోప్పడతారేమోనని మాకు భయం. పటం చూసి అరచేయి మధ్యలో, కింది భాగంలో వంతులవారీగా నొక్కాం. అర్ధరాత్రి దాటాక "అన్నా, నొప్పి తగ్గింది" అన్నాడు. మేము ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

తెల్లవారేసరికి వాడి ఒళ్లు కాలిపోతోంది. పొట్ట చెక్కలా గట్టిపడింది. వార్డెన్ సారు చూసిన మరుక్షణమే 108కి ఫోన్ చేశారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు బయటికి వచ్చి "రాత్రి నుంచి ఏం చేశారయ్యా?" అని అడిగారు. మేము చేతులు చూపించి చెప్పాం. ఆయన తిట్టలేదు. "అపెండిక్స్ పగిలింది. పగిలినప్పుడు లోపలి ఒత్తిడి పోయి కాసేపు నొప్పి తగ్గినట్టు ఉంటుంది. మీరు తగ్గించామనుకున్నది అదే" అన్నారు.

ఆ తమ్ముడు చాలా రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ సంచికను వాడు కూడా చదువుతాడు. వాడిని అడిగి, "రాయండి అన్నా, నలుగురికి పనికొస్తుంది" అన్నాకే ఈ సంగతి రాస్తున్నాం.

వచ్చిన రోజే ఆ పటాన్ని చింపేశాం. పీజీలో శరీరధర్మశాస్త్రం చదివేటప్పుడు మాత్రం మళ్లీ ఆ ప్రశ్న వచ్చింది. తలనొప్పి నిజంగానే తగ్గేది కదా, మరి అదెలా? అప్పటి నుంచి చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఇది ఎక్కడి విద్య?

చేతి పటాల్లో రెండు వేర్వేరు విద్యలు కలిసిపోయి ఉంటాయి. ముందు వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ఆక్యుప్రెషర్. ఇది చైనా వైద్యానికి చెందినది. రెండు వేల ఏళ్ల కిందటి హువాంగ్డి నైజింగ్ అనే గ్రంథం దానికి పునాది. శరీరంలో 'చీ' అనే శక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుందనీ, ఆ దారుల మీద బిందువులు ఉంటాయనీ వారి నమ్మకం. ఆ బిందువుల్లో సూది గుచ్చితే ఆక్యుపంక్చర్, వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ కార్యాలయం 2008లో 361 బిందువుల స్థానాలను ప్రామాణికంగా ప్రచురించింది. స్థానాలు ఖాయం చేయడం వేరు, ప్రతి బిందువూ జబ్బు నయం చేస్తుందని రుజువు కావడం వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి.

రెండోది రిఫ్లెక్సాలజీ. దీని పుట్టుక అమెరికాలో. విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు శరీరాన్ని తల నుంచి కాలి వరకు నిలువుగా 10 భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కో వేలికి సంబంధించిందని చెప్పాడు. ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి 1917లో దీనిపై పుస్తకం వేశాడు. తర్వాత యూనిస్ ఇంగ్‌హామ్ అనే ఆమె పాదాల మీద అవయవాల పటం తయారుచేసి 1938లో పుస్తకం ప్రచురించింది. మేము గోడకు అంటించిన పటం ఈ వంశానికి చెందినదే. అంటే వేల ఏళ్ల నాటిదని బండి మీద అమ్మే ఆ పటానికి నిజంగా వయసు నూరేళ్ల పైచిలుకు మాత్రమే.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకు మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్ల బృందం సాయానికి వెళ్లింది. వారిలో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడి సైనికులకు సేవ చేస్తూ 1942లో 32 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో వైద్యం మొదలుపెట్టారు.

"మన సుశ్రుతుడు ఎప్పుడో చెప్పాడు" అని కొందరంటారు. సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు ఉన్న మాట నిజం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న దానికి క్షిప్రమని, అరచేతి నడుమ ఉన్నదానికి తలహృదయమని పేర్లు. అయితే సుశ్రుతుడు వాటిని చెప్పింది దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్లుగా, శస్త్రవైద్యుడు కాపాడవలసిన చోట్లుగా. నొక్కి జబ్బులు తగ్గించే పటంగా ఆయన వాటిని రాయలేదు. మన పెద్దలను గౌరవించడమంటే వాళ్లు చెప్పినదాన్నే వాళ్ల పేరు మీద చెప్పడం.

నొక్కితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

మోకాలికి దెబ్బ తగిలితే మనం ఏం చేస్తాం? వెంటనే చేత్తో రుద్దుకుంటాం. ఎవరూ నేర్పకపోయినా చిన్నపిల్లలు కూడా చేస్తారు. దీనికి కారణాన్ని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 'గేటు సిద్ధాంతం'గా వివరించారు. నొప్పి వార్తను మోసే నరాల పోగులు సన్ననివి, నిదానమైనవి. తాకిడి, ఒత్తిడి వార్తను మోసేవి లావైనవి, వేగమైనవి. రెండూ వెన్నుపాములో ఒకే చోటికి వస్తాయి. ఒత్తిడి వార్త ముందుగా, ఎక్కువగా వస్తే నొప్పి వార్తకు గేటు కొంత మూసుకుంటుంది. కిక్కిరిసిన బస్సు తలుపు దగ్గర బలమైనవాడు ముందు ఎక్కితే సన్నవాడు ఆగిపోయినట్టన్నమాట.

రెండో కారణం మన మెదడే. 1975లో స్కాట్లాండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ మెదడులో నల్లమందు తీరున పనిచేసే సహజ పదార్థాలను కనుగొన్నారు. వాటికి ఎన్‌కెఫలిన్లు అని పేరు. నొప్పిని అణచే ఏర్పాటు మన ఒంట్లోనే ఉందని దీంతో తేలింది.

మూడోది తోడు. ఒకడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే భయం తగ్గుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, బిగుసుకున్న మెడ కండరాలు వదులవుతాయి. ఇంటికి దూరంగా ఉన్న హాస్టల్ పిల్లవాడికి ఇదేమీ చిన్న విషయం కాదు.

మరి అరచేయి నొక్కితే కాలేయం, కిడ్నీ బాగుపడతాయా? అరచేతి నుంచి బయలుదేరే నరాలు చేయి వెంబడి పైకి పోయి మెడ దగ్గర, ఛాతీ పై అంచున వెన్నుపాములో కలుస్తాయి. పటంలో చూపినట్టు అరచేతి నుంచి నేరుగా కాలేయానికో కిడ్నీకో పోయే నరం లేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

మణికట్టు లోపలివైపున్న నైగువాన్ బిందువు మీద అన్నిటికన్నా ఎక్కువ పరీక్షలు జరిగాయి. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద చేసిన 59 పరిశోధనలను, అంటే 7,667 మంది ఫలితాలను, కొక్రేన్ సంస్థ 2015లో పరిశీలించింది. ఉత్తుత్తిగా నొక్కినవారికన్నా సరైన చోట ప్రేరణ ఇచ్చినవారిలో వికారం తగ్గిందని తేల్చింది. వాటిలో సూదులు, కరెంటు ప్రేరణ కూడా ఉన్నాయి. ఆధారాల నాణ్యత తక్కువేనని కూడా అదే నివేదిక చెప్పింది.

రిఫ్లెక్సాలజీ విషయంలో 2009లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ 18 పరిశోధనలను సమీక్షించి, ఏ జబ్బుకైనా అది పనిచేస్తుందని నమ్మకంగా చెప్పగల రుజువు లేదని రాశారు.

ఇంకొక సంఘటన కూడా తెలుసుకోవాలి. 1971 జూలైలో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పాత్రికేయుడికి బీజింగులో అపెండిక్స్ నొప్పి వచ్చింది. అక్కడ ఆయనకు ఆక్యుపంక్చర్ చేశారన్న వార్తతోనే ఈ విద్య అమెరికాలో పేరు పొందింది. సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. జరిగింది అది కాదు. మామూలు మత్తు ఇంజక్షన్ ఇచ్చి, సర్జన్లు కోసి అపెండిక్స్ తీశారు. ఆ తర్వాతే, పొట్ట ఉబ్బరం తగ్గడానికి మోచేతిలో, మోకాళ్ల కింద సూదులు పెట్టారు. ఆ విద్య పుట్టిన దేశంలోనే అపెండిక్స్‌కు కత్తి ముందు, సూది తర్వాత. ఈ సంగతి ఆ రాత్రి మాకు తెలిసి ఉంటే బాగుండేది.

మనకు పనికొచ్చే అయిదు బిందువులు

1. హెగు: పేరుకు అర్థం 'కలిసిన లోయ'. బొటనవేలిని చూపుడువేలికి ఆనిస్తే చేతి వెనుక ఉబ్బే కండ మీద ఉంటుంది. వేళ్లు వదులు చేసి, చూపుడువేలి ఎముక వైపుగా నొక్కాలి. తలనొప్పికి, పంటినొప్పికి వాడతారు. పన్ను పుచ్చితే మాత్రం ఇది డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఓదార్పు మాత్రమే.

2. నైగువాన్: అంటే 'లోపలి ద్వారం'. మణికట్టు ముడత మీద రెండో చేతి మూడు వేళ్లు అడ్డంగా పెట్టండి. ఆ మూడు వేళ్లు ముగిసిన చోట, రెండు నరాల తాళ్లలా కనిపించే స్నాయువుల మధ్య ఉంటుంది. వికారానికి, బస్సు ప్రయాణానికి ముందు మెల్లగా నొక్కాలి.

3. షెన్‌మెన్: మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపున చిన్న గుంట. నిద్ర పట్టనప్పుడు, పరీక్ష గుబులు ఉన్నప్పుడు వాడతారు.

4. లువోజెన్: చేతి వెనుక చూపుడువేలు, మధ్యవేలు ఎముకల నడుమ, కణుపుల కాస్త వెనుక. దిండు సరిగా లేక మెడ పట్టినప్పుడు వాడతారు. నొక్కుతూ మెడను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి.

5. లావోగాంగ్: పిడికిలి బిగిస్తే మధ్యవేలి కొస తగిలే చోట, అరచేతి నడుమ. పేరుకు అర్థం 'శ్రమ మందిరం'. రాసి రాసి, పనిచేసి అలసిన చేతికి దీని చుట్టూ మర్దన హాయిగా ఉంటుంది.

నొక్కే పద్ధతి

చేతులు కడుక్కోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. బొటనవేలి మెత్తని భాగంతో మెల్లగా మొదలుపెట్టి, 'తియ్యని నొప్పి' అనిపించేంత వరకే ఒత్తిడి పెంచాలి. ఒక్కో చోట ఒకటి, రెండు నిమిషాలు. ఆ సమయంలో పొట్టతో నిదానంగా ఊపిరి తీయాలి. రెండు చేతులకూ చేయాలి. తాళంచెవి, పెన్ను మూత లాంటివాటితో పొడవకూడదు. నీలం మచ్చ వచ్చేలా నొక్కడం వైద్యం కాదు, దెబ్బ. అన్నం తిన్న వెంటనే కాక కొంత ఆగి చేయడం మంచిది.

ఎప్పుడు నొక్కకూడదు?

చేతికి పుండు, వాపు, ఎముక విరిగిన అనుమానం ఉంటే ఆ చోట ముట్టుకోకూడదు. గర్భవతులకు హెగు బిందువు నొక్కకూడదని ఆ విద్య పెద్దలే చెబుతారు. ఇంట్లో అక్కలకు, వదినలకు చేసేటప్పుడు ఇది మరవొద్దు.

కింది లక్షణాలు కనిపిస్తే నొక్కడం మాని, ఏ వేళ అయినా సరే వార్డెన్ సారును లేపండి, 108కి ఫోన్ చేయండి.

బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే కడుపునొప్పి, దానితో జ్వరం, వాంతులు. జ్వరంతో మెడ వంగకపోవడం. ఉన్నట్టుండి వచ్చిన భరించలేని తలనొప్పి. తలకు దెబ్బ తగిలాక వాంతులు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం. పాము, తేలు కాటు.

తరచుగా తలనొప్పి వచ్చే తమ్ముళ్లు ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి. మా గదిలో రోజూ హెగు నొక్కించుకున్న ఒకడికి చివరికి కావలసింది కళ్లజోడు. ఉదయం ఏమీ తినకుండా, నీళ్లు తాగకుండా బడికి పోయినా తల నొస్తుంది. దానికి మందు అరచేతిలో కాదు, పళ్లెంలో ఉంది.

అమ్మ చెయ్యి

చివరగా ఒక్క మాట. మా అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మడవడం, దారం కట్టడం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి చేతులు మావి. ఆ పట్టా ఖర్చు మోసిన చేతులు ఆమెవి.

పోయిన ఏడాది సెలవులకు వెళ్తే రాత్రుళ్లు లేచి చెయ్యి విదిలించుకుంటోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిర్లెక్కుతున్నాయంది. మేము పక్కన కూర్చుని అరచెయ్యి మర్దన చేశాం. "నువ్వు పట్టుకున్నంతసేపు బాగనే ఉంటది బిడ్డా" అంది.

ఆ మాట విని చిన్నప్పటి మేమైతే పొంగిపోయి నొక్కుతూనే ఉండేవాళ్లం. ఈసారి ఆస్పత్రికి తీసుకుపోయాం. మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. రాత్రి పూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోమంది, పని మధ్యలో చేతికి విరామం ఇమ్మంది. ఆ నరం సరిగ్గా నైగువాన్ బిందువు కిందుగానే పోతుంది. తెలియక అక్కడ గట్టిగా నొక్కుతూ పోతే ఒత్తుకుపోయిన నరాన్ని మేమే ఇంకా ఒత్తినవాళ్లమయ్యేవాళ్లం.

ఇప్పుడు ఇంటికి పోయినప్పుడల్లా రాత్రి అన్నం తిన్నాక అమ్మ అరచేతికి కొబ్బరినూనె రాసి శ్రమ మందిరం చుట్టూ మెల్లగా నిమురుతాం. అది జబ్బు తగ్గించదని మాకు తెలుసు, అమ్మకూ తెలుసు. పట్టీ చేసే పని పట్టీ చేస్తుంది, మేము చేసే పని మేము చేస్తాం.

మననం చేసుకుందాం

నొప్పి తగ్గడం, జబ్బు తగ్గడం ఒకటేనా? పటంలోని ప్రతి మాటకూ రుజువు ఉందా? ఏ లక్షణాలకు ఎవరిని లేపాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే మీకు ఈ పాఠం వచ్చినట్టే.

తమ్ముళ్లారా, పక్క మంచం మీదివాడు తలనొప్పి అంటే చెయ్యి పట్టుకోండి, తప్పకుండా నొక్కండి. అయితే రెండో చేత్తో వాడి నుదురు కూడా తాకి చూడండి. జ్వరం ఉంటే వెళ్లి వార్డెన్ సారు తలుపు తట్టండి. కోప్పడతారేమోనని భయపడకండి. ఆ ఉదయం మా వార్డెన్ సారు అన్న ఒకే ఒక్క మాట, "రాత్రే లేపి ఉండాల్సింది కదరా."

ఆరోగ్యమే మహాభాగ్యం. అందరూ చల్లగా ఉండాలని కోరుకుంటూ సెలవు.